అద్దెకిచ్చిన చెయ్యి

నాకు కుళ్ళు. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పటం తేలిక. మా తోడల్లుడు భానుమూర్తి అంటే నాకు కుళ్ళు. అతని జీతం చూసి కాదు, అతని ఇల్లు చూసీ కాదు. ఆ రెండింట్లో నేనే మెరుగు. నా పనిని, నా చేత్తోనే చేసి, నాకు రాని పేరు అతను తెచ్చుకున్నాడు. అందుకు.

భానుమూర్తి భవానీపురంలో ఉంటాడు. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాడు. పెళ్ళైన కొత్తలో వాళ్ళింట్లో ట్యూబ్‌లైటు మార్చాలన్నా మా మరదలు హైమ నాకే ఫోన్ చేసేది. నేను విజయవాడలోనే ఒక కార్ల కంపెనీ షోరూంలో, సర్వీసు విభాగానికి హెడ్ మెకానిక్‌ని. పేరు కోటిలింగం. ఆటోనగర్‌లో పానా పట్టుకోవటం నేర్చుకుని ఇరవై రెండేళ్ళుగా కార్ల కిందే బతికినవాణ్ణి. బోల్టు మీద చెయ్యి వేస్తే ఎంత బిగిసిందో, ఇంకెంత బిగించాలో నా వేళ్ళకే తెలిసేది. కొలిచి బిగించే రెంచి పక్కనే ఉన్నా దాని వంక చూసేవాణ్ణి కాదు.

సొంత మరమ్మత్తు చట్టం వచ్చాక మా షోరూం రాత మారింది. అంతకుముందు బ్రేకు ప్యాడ్లు మార్చాలన్నా జనం నోరు మూసుకుని మా దగ్గరికే వచ్చేవాళ్ళు. బిల్లు చూసి నోరు తెరిచేవాళ్ళు. విడిభాగాలు ఎవరడిగితే వాళ్ళకి అమ్మాల్సిందేనని చట్టం అనేసరికి మా కంపెనీ ఊరుకుంటుందా? గన్నవరం దగ్గరున్న ల్యాబ్‌లో ఒక తొడుగు తయారు చేయించింది. మోచేతి దాకా వచ్చే బూడిదరంగు తొడుగు అది. దాన్ని వేసుకుంటే, స్క్రూడ్రైవర్ ఎటు తిప్పాలో తెలియనివాడి చెయ్యి కూడా ఆరితేరిన మెకానిక్ చెయ్యిలా కదులుతుంది. లోపలి సన్నటి తీగలు ఏ కండరాన్ని ఎప్పుడు లాగాలో చూసుకుని లాగుతాయి. ఆ ఆరితేరిన మెకానిక్ ఎవరయ్యా అంటే, నేనే. రాష్ట్రమంతా వెతికి నన్నే ఎంచుకున్నారు. షోరూం గోడకి నా ఫొటో పెట్టారు.

ఊళ్ళో జనం దాన్ని తొడుగు అనలేదు, చెయ్యి అన్నారు. "ఈ ఆదివారం ఒక చెయ్యి కావాలండీ" అని కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళు. విడిభాగం కొనాలంటే చెయ్యి అద్దెకు తీసుకోవాల్సిందేనని కంపెనీ మెలిక పెట్టింది. అయినా షోరూంలో చేయించుకునే దానిలో నాలుగో వంతుకి పనైపోయేది. జనానికీ సంతోషమే, కంపెనీకీ సంతోషమే. మొదట్లో నాకూ సంతోషంగానే ఉండేది.

ఒక ఆదివారం భానుమూర్తి మమ్మల్ని భోజనానికి పిలిచాడు. వెళ్ళేసరికి వాకిట్లో కారు జాకీ మీద ఉంది. అతను లుంగీ ఎగగట్టి, కుడి చేతికి తొడుగు వేసుకుని ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. ఎదురింటివాళ్ళు గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. హైమ కుర్చీ వేసుకుని మరీ కూర్చుంది.

"చూడు బావా, మా ఆయన ఎంత పనిమంతుడయ్యాడో!" అంది నన్ను చూడగానే.

"నాదేముంది అన్నయ్యా, అంతా మీ చెయ్యే" అన్నాడు భానుమూర్తి నవ్వుతూ.

ఆ మాట ఎదురింటివాళ్ళకి వినపడలేదు. వాళ్ళు చూసింది భానుమూర్తినే. నేను మాత్రం అతని మణికట్టునే చూస్తున్నాను. బోల్టు బిగించాక మణికట్టుని ఒక్కసారి విదిలించటం నా అలవాటు. ఎవరూ నేర్పలేదు, ఎప్పుడు వచ్చిందో కూడా తెలియదు. అతను బోల్టు బిగించి, అచ్చం అలాగే విదిలించాడు. 

భోజనాల దగ్గర మా ఆవిడ సుభాషిణి పుండు మీద కారం చల్లింది. "మరిదిగారిలా మీరూ ఒక ఆదివారం మన కారు చూడకూడదటండీ? హారన్ మోగక మూణ్ణెల్లైంది."

"హారన్‌దేముంది వదినా, నేను చూస్తాలెండి" అన్నాడు భానుమూర్తి పప్పు కలుపుకుంటూ.

అందరూ నవ్వారు. మా అమ్మాయి ఇందుజ అందరికంటే గట్టిగా నవ్వింది. అది ఇంటర్ రెండో సంవత్సరం. ఎకనామిక్స్ చెప్పించుకోవటానికి ఆదివారాలు ఎలాగూ బాబాయ్ దగ్గరే ఉంటుంది. సొమ్మొకడిది సోకొకడిది అని మనసులో అనుకుని నేను మజ్జిగ పోసుకున్నాను. హారన్ మరుసటి వారమే అతను బాగు చేశాడు. అది మోగినప్పుడల్లా నాకు మండేది.

గురువారం గురువారం నేను గన్నవరం ల్యాబ్‌కి వెళ్ళాలి. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా ఒక్కో పనిని నలభైసార్లు చేసి చూపించాలి. ఫర్హానా అనే ఇంజనీరు నా చేతికి రాగి తీగల పట్టీలు చుట్టి, నెత్తిన టోపీ పెట్టేది. ముప్పై ఏళ్ళుంటాయేమో. మెత్తగా మాట్లాడుతుంది గాని ఏదీ వదలదు.

"మీ చెయ్యి కదలటం కాదు లింగంగారూ, కదలబోయే ముందు లోపల పుట్టే ఆజ్ఞ మాకు కావాలి. ఒక్క క్షణం ఆగండి. ఏ వేలు ముందు వెళ్ళబోతోందో గమనించండి. అప్పుడు కదపండి" అనేది.

మొదట్లో నవ్వొచ్చింది. మెట్లు దిగేవాణ్ణి ఆపి, ముందు ఏ కాలు వేస్తావని అడిగినట్టుంది. కానీ నెలల తరబడి అడిగించుకున్నాక చెయ్యి ఆగటం నేర్చుకుంది. ఆగమన్న చోటే కాదు, అక్కర్లేని చోట కూడా. షోరూంలో పానా ఎత్తి, బోల్టుకి తగిలించి, అలాగే ఉండిపోయేవాణ్ణి. చూపుడు వేలా, బొటనవేలా? ఇదివరకు ఇది ఎలా చేసేవాణ్ణి? ఆలోచిస్తే తెలిసేది కాదు, ఆలోచించకుండా ఉండటం నా వల్ల అయ్యేది కాదు.

ఒక గురువారం కొత్త మోడల్ ముందు బ్రేకు పని రికార్డు చేస్తున్నాం. ప్యాడ్లను చక్రపు పళ్ళేనికి అదిమిపట్టే ఇనప పట్టు ఉంటుంది. దానికి పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు. ముప్పై ఏడోసారి పైది బిగించి కిందిదానికి వచ్చేసరికి నా చెయ్యి నిలిచిపోయింది. బలవంతాన తిప్పాను. తిరిగింది గాని బిగిసిందో లేదో చేతికి తెలియలేదు. అలవాటుగా మణికట్టు విదిలించేశాను. పని పూర్తయిందనుకుని యంత్రం పచ్చ దీపం వెలిగించింది.

ఫర్హానా కొలిచి చూసి తల అడ్డంగా ఊపింది. "కింది బోల్టు రెండు చుట్లు తక్కువైంది సార్. ఈ ముప్పై ఏడు పనికిరాదు. నెలాఖరున మిగతా పనికిరానివాటితో కలిపి చెరిపేస్తాను. మీరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి. ఇది తాత్కాలికమే అనుకుంటున్నాం."

"అనుకుంటున్నారా, తెలుసా?"

ఆ పిల్ల అబద్ధం చెప్పలేకపోయింది. "అనుకుంటున్నాం సార్" అంది.

ఈ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. షోరూంలో అంతకంటే చెప్పలేదు. గోడ మీద ఫొటో ఉన్నవాడికి చెయ్యి పోయిందని తెలిస్తే ఇంకేముంది? నాకున్నది ఆ చెయ్యొక్కటే. చదువు పదో తరగతి, మాట కరుకు, రూపం అంతంత మాత్రం. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరైనా నా పక్కన వచ్చి కూర్చున్నారంటే కారు గురించి అడగటానికే. ఆ చెయ్యి లేని కోటిలింగం ఎవరికి కావాలి?

ఆ వారంలోనే ఒక సాయంత్రం భానుమూర్తి ఇందుజని దింపటానికి వచ్చాడు. సుభాషిణి టిఫిన్ పెడుతూ ఉసిరికాయ పచ్చడి సీసా నా చేతికిచ్చింది. "కొత్త సీసా అండీ, మూత రావట్లేదు."

మూత పట్టుకున్నాను. ఎంత బలం పెట్టాలో తెలియలేదు. కొంచెం పెట్టాను, రాలేదు. ఎంత పెట్టానో ఏమో, సీసా చేతిలోంచి జారి గచ్చు మీద పగిలింది. సుభాషిణి "అయ్యో, జాగ్రత్త!" అంటూ చీపురు కోసం లోపలికి వెళ్ళింది. భానుమూర్తి వంగి గాజు ముక్కలు ఏరుతూ నా చేతి వంక చూశాడు. చాలాసేపు చూశాడు.  ఆ చూపులో జాలి ఉందని నాకు అర్థమైంది. తిట్టినా ఊరుకునేవాణ్ణేమో గాని, ట్యూబ్‌లైటు మార్చటం చేతగాని మనిషి నన్ను చూసి జాలిపడటం నేను భరించలేకపోయాను.

పది రోజుల తర్వాత అతను మా కౌంటర్‌కి వచ్చాడు. అంతకుముందు నెలలోనే పాత కారు ఇచ్చేసి కొత్త మోడల్ తీసుకున్నాడు. దాని ముందు బ్రేకు ప్యాడ్లు త్వరగా అరిగిపోతున్నాయని కంపెనీ మార్చుకోమంటోంది. షోరూంలోనే మార్పించుకుంటే ఉచితమూ కాదు, చవకా కాదు. సొంతంగా మార్చుకుంటానన్నాడు.

"ఎలా ఉంది అన్నయ్యా చెయ్యి?" అని మెల్లగా అడిగాడు.

"ఏ చెయ్యి? అద్దెదా, నాదా?" అన్నాను.

అతను ఇబ్బందిగా నవ్వాడు. నేను లోపలికి వెళ్ళాను. ఎవరికి ఏ పని కావాలో చూసి, ల్యాబ్ నుంచి ఆ రికార్డింగు తొడుగులోకి ఎక్కించటం నా బాధ్యతే. తెర మీద నలభై వరుసలు కనిపించాయి. ముప్పై ఏడు ఎర్రగా ఉంది. నెలాఖరు ఇంకా రాలేదు.

అతన్ని చంపాలని కాదు. ఆ మాట ఎవరి మీద ఒట్టేసైనా చెబుతాను. కింది బోల్టు వదులుగా ఉంటే చక్రం దగ్గర గడగడమని చప్పుడొస్తుంది. ఎదురింటివాళ్ళు వింటారు. హైమ వింటుంది. మొహం వేలాడేసుకుని బండి తోలుకుంటూ షోరూంకి వస్తాడు, నేను అందరి ముందూ నవ్వుతూ సరిచేస్తాను. నేను ఆలోచించింది ఇంతే. ఇరవై రెండేళ్ళ మెకానిక్‌ని, వదులు బోల్టు చప్పుడు చేసి ఊరుకోదని నాకు తెలియదా? తెలుసు. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నవాడికి తెలిసినవన్నీ గుర్తుండవు. ముప్పై ఏడుని ఎక్కించి, డబ్బాకి సీలు వేసి, ప్యాడ్లతో పాటు అతని చేతిలో పెట్టాను.

"థాంక్స్ అన్నయ్యా" అన్నాడు.

శనివారం పొద్దున నేను షోరూంలో ఉన్నాను. పదకొండింటికి సుభాషిణి మెసేజ్ పెట్టింది. మరిదిగారి కారులో అందరం కొండపల్లి కోటకి వచ్చాం, మీకు వంటింట్లో పులిహోర పెట్టాను అని. కింద ఫొటో. కోట గోడ ముందు సుభాషిణి, హైమ, ఇందుజ. వెనకాల ఆ కారు.

కొండపల్లి కోటకి ఘాట్ రోడ్డు ఉంది. ఎక్కేటప్పుడు బ్రేకుతో పెద్దగా పని లేదు. దిగేటప్పుడే.

 భానుమూర్తికి ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తాడు.

"కారు కదపొద్దు" అన్నాను.

"ఏమైంది అన్నయ్యా?"

నిజం నోటి చివరిదాకా వచ్చి ఆగింది. "కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. ఆ ప్యాడ్లలో ఇంకేదో తేడా ఉందట. నేనే వస్తున్నా. నేను వచ్చేదాకా ఎవర్నీ కారెక్కించకు."

"అలాగే. కంగారుపడకుండా రండి. మేమిక్కడే ఉంటాం."

బైకు మీద గొల్లపూడి, ఇబ్రహీంపట్నం ఎలా దాటానో తెలియదు. దారి పొడుగునా ఒకటే లెక్క వేసుకున్నాను. వాళ్ళు ఎక్కేటప్పుడే ఏ మలుపులోనైనా బోల్టు ఊడి ఉంటే? వెనక సీట్లో కిటికీ పక్కన ఎప్పుడూ ఇందుజే కూర్చుంటుంది. హెల్మెట్‌లో ఏడుస్తూ ఘాట్ ఎక్కాను. ఏడుస్తున్నది బిడ్డ కోసమే. అందులో నా కోసం కూడా కొంచెం ఉందని దాచటం ఎందుకు.

కోట దగ్గర పార్కింగ్‌లో కారు నీడలో ఉంది. ఆడవాళ్ళిద్దరూ గోడ మీద కూర్చుని జామకాయ తింటున్నారు. భానుమూర్తి, ఇందుజ కారు దగ్గర నిలబడ్డారు. నేను ఎవరినీ పలకరించకుండా జాకీ వేసి, చక్రం విప్పి, పానా తీసుకుని కింది బోల్టుకి తగిలించాను.

తిప్పాను. కదల్లేదు.

మళ్ళీ తిప్పాను. కదల్లేదు. కానీ అది బిగుతుగా ఉండి కదల్లేదా, నేను బలం పెట్టకపోతే కదల్లేదా? నా వేళ్ళు నోరు మెదపలేదు. చూపుడు వేలు ఎదురు చూస్తోంది, బొటనవేలు ఎదురు చూస్తోంది. పిల్లనెక్కించి పంపే బండి బ్రేకు నా చేతిలో ఉంది, అది గట్టిగా ఉందో లేదో నాకు తెలియటం లేదు. చెమట కళ్ళల్లోకి కారింది.

"ఇటివ్వండి అన్నయ్యా" అన్నాడు భానుమూర్తి మెల్లగా. పానా అందుకుని వట్టి చేత్తో ఒక్కసారి నొక్కి చూశాడు. "గట్టిగానే ఉంది. పైది కూడా. చూడండి, రెండో చక్రానిది కూడా చూస్తా."

అప్పుడు చూశాను అతని చేతుల్ని. గోళ్ళ కింద గ్రీజు. కణుపుల మీద ఎండిపోయిన గాట్లు. చాక్‌పీసు పట్టుకునే చేతులు కావవి.

"నువ్వు... తొడుగు?"

"వేసుకోలేదన్నయ్యా. ప్యాడ్లు కొనాలంటే అదీ తీసుకోవాలన్నారు కాబట్టి తీసుకున్నా. సీలు కూడా తియ్యలేదు, డిక్కీలో ఉంది. ఇప్పుడే పట్టుకెళ్ళండి." నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "ఆ రోజు సీసా జారినప్పుడు నాకర్థమైంది. మేము ఎన్నిసార్లు అద్దెకు తీసుకుంటే వాళ్ళు మిమ్మల్ని అన్నిసార్లు ల్యాబ్‌కి పిలుస్తారుగా. నా కారు కోసం మీ చెయ్యి అరిగిపోవటమెందుకని, మానేశా. పుస్తకం కొనుక్కున్నా. మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాం. మొన్న కొలిచే రెంచి కూడా తెచ్చుకున్నా."

"బిగించాం అంటే? ఎవరెవరు?"

ఇందుజ ముందుకు వచ్చింది. భయంగానే ఉంది మొహం. "బాబాయ్, నేనూ నాన్నా. కింది బోల్టులు రెండూ నేనే బిగించా. ఎకనామిక్స్ అరగంటే చెప్పుకుంటాం. తర్వాత ఇదే పని."

రెండేళ్ళ కిందట అది నన్ను అడిగింది. సెలవుల్లో షోరూంకి వచ్చి పని చూస్తానంది. చేత్తో రావాల్సింది చూస్తే రాదు, పోయి చదువుకో అన్నాను. మళ్ళీ అడగలేదు. అడగాల్సిన మనిషిని వేరే చోట వెతుక్కుంది.

నా బిడ్డ బతికుందన్న సంతోషం రావాలి కదా ముందు? వచ్చింది. కానీ దాని కంటే అర అడుగు ముందే కుళ్ళు వచ్చింది. నా కూతురు జీవితంలో బిగించిన మొదటి బోల్టు నేను చూడలేదు. వేలు జారి దెబ్బ తగిలితే నేను ఊదలేదు. సరిగ్గా బిగిసినప్పుడు దాని మొహం ఎలా వెలిగిందో ఆ భానుమూర్తి చూశాడు. నా చెయ్యి అద్దెకు తీసుకున్నాడని ఇన్నాళ్ళూ ఏడ్చాను. నా చెయ్యి అతనికి అక్కర్లేదు. అతను తీసుకున్నది వేరే, అది కూడా నేను తోసేస్తేనే తీసుకున్నాడు.

ఇందుజ చక్రం బిగించటానికి కూర్చుంది. నేను భానుమూర్తిని పక్కకి తీసుకెళ్ళాను. ఇంక దాచలేకపోయాను.

"కంపెనీ మెసేజ్ ఏమీ రాలేదు. నీకిచ్చిన దాంట్లో పాడైన రికార్డింగు పెట్టాను. కావాలనే. నువ్వది వేసుకుని చేసుంటే కింది బోల్టు వదులుగా ఉండేది."

 అతను ఇందుజ వంక చూశాడు, హైమ వంక చూశాడు. చెంపదెబ్బ కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.  అతను చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఎందుకన్నయ్యా?"

"కుళ్ళు" అన్నాను. 

"ఆ తొడుగు సోమవారం మీరే ల్యాబ్‌కి తీసుకెళ్ళి, అక్కడి ఇంజనీరుకి జరిగింది చెప్పండి. ఉద్యోగం పోతే పోనివ్వండి. చెప్పకపోతే నేను చెబుతా." గొంతు గట్టిగానే ఉంది. తర్వాత తగ్గించాడు. "ఇందు ముందు మాత్రం అనకండి. మా నాన్నకి కళ్ళు మూసుకున్నా బోల్టు తెలుస్తుందని దానికి మహా గొప్ప. ప్రతివారం నాకదే చెబుతుంది."

నేను తల ఊపాను. ఆ మంచితనం చూసి కూడా నాకు కుళ్ళు పుట్టింది. ఈ జన్మకి అది నన్ను వదిలేలా లేదు.

"నాన్నా, ఒకసారి చూస్తావా సరిగ్గా బిగించానో లేదో?" అని పిలిచింది ఇందుజ. వెళ్ళి చక్రం మీద చెయ్యి వేశాను. ఏమీ తెలియలేదు. "బాగుందమ్మా" అన్నాను. దాని మొహం వెలిగింది.

వాళ్ళు కారులో ముందు దిగారు. నేను వెనకాలే బైకు మీద, డిక్కీలోంచి తీసిన డబ్బా ఒళ్ళో పెట్టుకుని దిగాను. ప్రతి మలుపు ముందూ కారు ఎర్ర లైట్లు వెలిగేవి. ప్రతిసారీ నా ఊపిరి ఆగేది. ప్రతిసారీ కారు నెమ్మదించి, మలుపు తిరిగి, మళ్ళీ సాగేది. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేల బ్రేకులు చేశానో, ఇంత చక్కగా పట్టిన బ్రేకు నేను చూడలేదు. అది నా కూతురి పని. దానికి నేర్పింది నేను కాదు.